ఆండొర్రాకు ఎయిర్‌పోర్టు లేదు

మధ్యాహ్నం మూడైతే సిరొంచల
మా గల్లీ సిగ్నల్ సచ్చిపోతది.
లాప్‌టాప్ సంకన పెట్టుకొని డాబా ఎక్కుత.
మీద గోదావరి అవతలి టవర్ అందుతది.
నేను కాలన్న కదపక ముందే
ఫోన్ టింగుమని
తెలంగాణకు స్వాగతం అంటది.

హైదరాబాద్ కంపెనీ ఒకటి
మాటకు నలభై పైసలిస్తది.
ఈ వారం పని,
ఆండొర్రా అనే చిన్న దేశానికి
బ్రిటన్ వాళ్లు ఎట్ల పోవాలె.

పాస్‌పోర్టు పుట్టి పదేండ్లు దాటొద్దు.
తిరిగొచ్చిన రోజు నుంచి
ఇంకో మూడు నెలలు బతికుండాలె,
పాస్‌పోర్టు.
మనిషి సంగతి ఎక్కడా రాసిలేదు.
నూటఎనభై రోజుల్ల తొంభయ్యే లెక్క.
స్టాంపు పడ్డదో లేదో
కౌంటర్ కాడనే చూసుకోవాలె.

ఆ దేశానికి ఎయిర్‌పోర్టు లేదు. రైలు లేదు.
స్పెయిన్‌ల నుంచో ఫ్రాన్స్‌ల నుంచో
పక్కోళ్ల గడప తొక్కి
కొండలెక్కి పోవుడే.

ఈ ముక్క కాడ నా వేళ్లు ఆగినయ్.
మేం నాగ్‌పూర్ పోవాలన్నా గిదే కథ.
మా రాష్ట్రం లోపలి తొవ్వంత గుంతలు, అడవి.
వంతెన దాటి, మంచిర్యాలల రైలెక్కి,
పరాయి రాష్ట్రం మీదికెల్లి
మా రాష్ట్రానికే పోతం.

అటు నుంచి వచ్చేటప్పుడు
మందు ఇంత, సిగరెట్లు ఇన్ని,
ఎక్కువుంటే డిక్కీ తీసి చూస్తరు.
ఆ పేరా ఒక్క ఊపుల రాసేసిన.
మాది మందు బందైన జిల్లా.
జాడి పోచం పాల క్యాన్ అడుగున ఏమొస్తదో
చెక్‌పోస్టు కుక్కక్కూడ ఎరుకే.

గప్పుడే మెట్లెక్కింది దుర్గం రాజుబాయి,
ఎనుక కోడలు సునంద, చేతిల ప్లాస్టిక్ కవరు.
మహదేవ్‌పూర్ పిల్ల. కులం గదే, భాష గదే,
కాగితం మాత్రం నది అవతలిది.
సేతు కేంద్రమోడు మూడోసారి తిప్పి పంపిండు.
పుట్టింటి దాఖలా ఈడ చెల్లదట,
అత్తింటి దాఖలాకు
తాతల నాటి రుజువు తెమ్మన్నరట.
ఆ తాతలు పడవ మీద వచ్చిండ్రో
నడిచొచ్చిండ్రో రాసిపెట్టినోళ్లు ఎవరు?

“ఎవ్వరికి రాస్తున్నవ్ బిడ్డా గంతగనం?”
“ఇంగ్లండ్ దొరలకు పెద్దమ్మా. వేరే దేశం పోను.”
“వాళ్లకు సుత కాగితాలు గావాల్నా?”
పమిట నోటికడ్డం పెట్టుకొని ఒక్కతీరు నవ్వింది.
నవ్వి నవ్వి, నది ఒడ్డు పాత బంగళా దిక్కు
చెయ్యి చూపించింది.
“మరి గది కట్టిననాడు
ఎవలకు ఏం చూపిండ్రట?”

దానికి మాటకు నలభై పైసలు
ఎవ్వలియ్యరు.

నిజం చెప్పాలంటే నాక్కూడ
కొంచెం తమాషాగనే అనిపించింది,
వాళ్లను లైన్ల నిలబెట్టే వాక్యాలు
నేను టైపు కొడుతుంటే.
కానీ ఏడనో ఒక ముసలామె
మందుల సంచి పట్టుకొని, క్యాలెండర్ ముందు
వేళ్ల మీద తొంభై ఎంచుకుంటుంటది గద.
బంగళా ఆమె కట్టలేదు.
ఆమె కోసం ఓ మాట ఎక్కువ రాసిన, ఊరికెనే,
స్టాంపు పడ్డ పేజీ ఫొటో తీసిపెట్టుకోండి, అని.

తర్వాత సునంద అర్జీ తెరిచిన.
శాశ్వత చిరునామా అన్న గడి కాడ
పిల్ల నన్ను జూసింది, అత్తను జూసింది.
“పెండ్లికి ముందుదా అక్కా, ఎనుకదా?”
నాకూ తెల్వదు. రెండూ రాసిన.
గడి సరిపోక అక్షరాలు గీత దాటినయ్.

అర్జీ ఎక్కుతాంది, చక్రం తిరుగుతాంది.
సునంద తన ఫోన్ తీసి
గోడ మీదికెల్లి నది దిక్కు చాపింది.
టింగుమన్నది.
“స్వాగతం అంటాంది,” అన్నది మెల్లగ,
వాళ్లమ్మ నంబరు కొడుతూ.